డ్రైవర్ కోడులో అర్రే హద్దుల కాపలా: లైనక్స్ కాసన్, యూబీసాన్, కౌంటెడ్‌బైల సమీక్ష

32 గళ్ల అర్రేలో 33వ గడి జోలికి పోకూడదన్నది సీ భాష నేర్చుకునే మొదటి నెలలోనే అందరూ వినే మాట. అయినా హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్ కోడులో ఆ తప్పు నేటికీ జరుగుతూనే ఉంది, ఎందుకంటే అక్కడ ఇండెక్సు, అంటే గడి సంఖ్య, మన చేతిలో పుట్టదు. చిప్ రిజిస్టర్ నుంచో, యూఎస్‌బీ తీగ అవతలి నుంచో, యూజర్ ప్రోగ్రాం నుంచో వస్తుంది. వచ్చిన అంకెను నమ్మి అర్రేలో అడుగుపెట్టినప్పుడు ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నెల్‌లో మనల్ని ఆపేవారెవరూ ఉండరు. ఈ తప్పును పట్టడానికి లైనక్స్ కెర్నెల్ తన సోర్సుతో పాటే అందిస్తున్న మూడు పరికరాలను, అంటే కాసన్ (మెమరీ హద్దు తప్పులను పట్టేది), యూబీసాన్ (సీ భాష నిర్వచించని ప్రవర్తనను పట్టేది), కౌంటెడ్‌బై (అర్రే పొడవును కంపైలర్‌కు చెప్పేవి) గుర్తులను, రెండేళ్లుగా రోజువారీ పనిలో వాడుతున్నాను. వీటికి డబ్బు చెల్లించనక్కర లేదు, కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఆన్ చేసి మళ్లీ బిల్డ్ చేసుకుంటే చాలు. కానీ ఏది దేన్ని పడుతుంది, ఏది దేన్ని వదిలేస్తుంది అన్నది తెలియకుండా వాడితే ఇవి ఇచ్చే ధైర్యం ప్రమాదకరమైనదని స్వానుభవం మీద తెలుసుకున్నాను కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను పనిచేసేది మోటార్ల కంపనాన్ని కొలిచే ఒక పరికరం మీద. అందులో ఒక ఆర్మ్ 64 బిట్ బోర్డు, దానికి ఎస్‌పీఐ బస్సు (చిప్పుల మధ్య డేటా మోసే తీగలు) మీద కలిపిన సెన్సర్ ఉంటాయి. సెన్సర్ తన ఫిఫోలో, అంటే ముందు వచ్చింది ముందు పోయే వరుసలో, 32 నమూనాల వరకు దాచుకుంటుంది. ఒక్కో నమూనా 8 బైట్లు, అంటే మూడు అక్షాల విలువలకు ఆరు బైట్లు, ఉష్ణోగ్రతకు రెండు. ఎన్ని నమూనాలు సిద్ధంగా ఉన్నాయో చెప్పే రిజిస్టర్‌లో కింది ఆరు బిట్లు లెక్కకు కేటాయించి ఉంటాయి. మా డ్రైవర్ ఆ ఆరు బిట్లు తీసుకుని, అన్ని సార్లు లూప్ తిరిగి, 256 బైట్ల బఫర్‌లో నమూనాలు నింపేది. లెక్క 32 దాటదని డేటాషీట్‌లో స్పష్టంగా రాసి ఉంది కనుక ఎవరూ దాన్ని సరిచూడలేదు. ఆ డ్రైవర్‌ను రివ్యూ చేసినవారిలో నేనూ ఉన్నాను.

పరికరాలు బయటికి వెళ్లిన తర్వాత నాలుగైదు రోజులకొకసారి ఏదో ఒకటి కుప్పకూలేది. ఒకసారి క్రాష్ నెట్‌వర్క్ కోడులో కనిపించేది, ఇంకోసారి ఫైల్ సిస్టంలో, మరోసారి అసలు సంబంధమే లేని టైమర్ దగ్గర. సెన్సర్ డ్రైవర్ పేరు ఒక్క స్టాక్ ట్రేస్‌లోనూ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) లేదు. మూడు వారాలు మేము మెమరీ చిప్పులను అనుమానించాం, రాత్రంతా మెమరీ పరీక్షలు నడిపాం, రెండు బోర్డుల్లో ర్యామ్ మార్పించాం. చేతిలో ఒకే ఒక ఆధారం ఉండేది: కుప్పకూలిన ప్రతిసారీ చెడిపోయిన పాయింటర్‌లో అన్ని బిట్లూ ఒకట్లే. దాని అర్థం అప్పట్లో మాకు తెలియలేదు.

కాసన్ అంటే కెర్నెల్ అడ్రస్ శానిటైజర్. యూజర్ ప్రోగ్రాముల కోసం గూగుల్‌లో తయారైన అడ్రస్ శానిటైజర్ పద్ధతినే కెర్నెల్‌కు తెచ్చిన రూపం ఇది. ఆండ్రీ ర్యాబినిన్ రాసిన ఈ కోడు 2015లో 4.0 వెర్షన్‌తో లైనక్స్‌లో చేరింది. మొదట ఎక్స్86 64 బిట్ యంత్రాలకు, ఆ తర్వాత ఆర్మ్ 64 బిట్‌కు వచ్చింది. మా బోర్డు మీద దీన్ని ఆన్ చేయడానికి పట్టిన సమయం ఒక పూట. బిల్డ్ చేసిన కెర్నెల్ ఇమేజ్ బాగా పెరిగి బూట్ పార్టిషన్‌లో పట్టకపోతే, తనిఖీ కోడును ప్రతి చోటా పెట్టే ఇన్‌లైన్ పద్ధతి బదులు, దాన్ని ఫంక్షన్‌గా పిలిచే అవుట్‌లైన్ పద్ధతి ఎంచుకున్నాం. అవుట్‌లైన్‌లో ఇమేజ్ చిన్నది, కానీ నడక నెమ్మది. ఇన్‌లైన్ రెండింతల వరకు వేగంగా ఉంటుందని కెర్నెల్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. ఫ్లాష్ మెమరీ ఇరుకుగా ఉన్న బోర్డుల మీద పనిచేసేవారికి ఈ ఎంపిక ముందే తెలిసి ఉంటే అరరోజు కలిసి వస్తుంది.

ఆ కెర్నెల్‌తో పరికరాన్ని పరీక్షశాలలోని మోటారుకు బిగించి, మోటారును పదే పదే ఆపుతూ, ఆన్ చేస్తూ ఉంటే రెండో రోజు మధ్యాహ్నం నివేదిక వచ్చింది. స్లాబ్ (కెర్నెల్ మెమరీ ముక్కలు పంచే చోటు) హద్దు దాటిన రాత అని మొదటి వరుసలోనే మా డ్రైవర్‌లోని ఫిఫో చదివే ఫంక్షన్ పేరుతో సహా ఉంది. తర్వాతి వరుసలో రాత పరిమాణం 2 బైట్లు అని, ఏ ప్రాసెస్ నడుస్తుండగా జరిగిందో అని ఉన్నాయి. ఆ కింద రెండు స్టాక్ ట్రేస్‌లు: ఒకటి తప్పు జరిగిన చోటిది, రెండోది ఆ మెమరీ ముక్కను కేటాయించిన చోటిది. ఈ రెండో ట్రేస్ విలువ అనుభవించినవారికే తెలుస్తుంది, ఎవరి బఫర్ నుంచి బయటికి వచ్చామో వెతకనక్కర లేకుండా అది చెప్పేస్తుంది. చెడ్డ చిరునామా 256 బైట్ల ముక్కకు కుడివైపు 0 బైట్ల దూరంలో ఉందని తర్వాత రాసి ఉంది. అంటే సరిగ్గా చివరి గడి దాటిన వెంటనే, 33వ నమూనా మొదటి విలువ రాస్తుండగా పట్టుబడ్డాం.

నివేదిక అడుగున ఉండే షాడో బైట్ల పట్టికను చాలామంది చూడకుండా వదిలేస్తారు. దాన్ని చదవడం నేర్చుకోవడం మంచిది. కాసన్ మెమరీలోని ప్రతి 8 బైట్లకు ఒక షాడో బైటు ఉంచుతుంది. ఆ బైటు సున్నా అయితే ఎనిమిదింటినీ ముట్టుకోవచ్చు; 1 నుంచి 7 వరకు ఉంటే మొదటి అన్ని బైట్లు మాత్రమే మనవి; అంతకు మించిన ప్రత్యేక విలువలన్నీ నిషిద్ధ ప్రాంతానికి గుర్తులు. పట్టికలో ఒక్కో వరుస 16 షాడో బైట్లు, అంటే 128 బైట్ల మెమరీ. మా నివేదికలో రెండు వరుసల నిండా సున్నాలు ఉన్నాయి, అవి మా 256 బైట్లు. మూడో వరుస మొదట్లో ఎఫ్‌సి అన్న గుర్తు, దాని చుట్టూ బ్రాకెట్లు. ఎఫ్‌సి అంటే స్లాబ్ రెడ్‌జోన్, కాసన్ ప్రతి ముక్క తర్వాత కావాలని వదిలిన బీడు. ఆ పట్టికలో మా బఫర్ గట్టు ఎక్కడుందో, మేము ఎక్కడ అడుగు వేశామో కంటికి కనిపించాయి.

కాసన్ లేనప్పుడు ఆ బీడు ఉండదు. 256 బైట్ల ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి. మన తర్వాతి ముక్క నెట్‌వర్క్ వారిదో, ఫైల్ సిస్టం వారిదో అవుతుంది. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజీ పడిపోయి సెన్సర్ మూగబోయేది. ఎస్‌పీఐ బస్సులో అవతలి చిప్ పలికిందా లేదా అని తెలుసుకునే ఏర్పాటు లేదు. చిప్ మాట్లాడకపోతే, లైను పుల్ అప్ (లైనును పై వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) వల్ల పైకే ఉండి, చదివిన ప్రతి బైటూ 255గా, అంటే ఎనిమిది బిట్లూ ఒకట్లుగా వస్తుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. కింది ఆరు బిట్లు తీసుకుంటే లెక్క 63. ఆ 63 నమూనాలను 32 నమూనాల బఫర్‌లో రాస్తే 31 నమూనాలు, అంటే 248 బైట్లు, పక్క ముక్కను దాదాపు పూర్తిగా ముంచేస్తాయి, అదీ అన్నీ ఒకట్లతో. మూడు వారాలు మేము చూసిన పాయింటర్ల మర్మం అదే. పై మడి గట్టు తెగి కింది మడి మునిగితే రైతు వెళ్లి చూసేది కింది మడినే. మేమూ అలాగే మునిగిన చేలన్నీ తిరిగాం, గట్టు తెగిన చేను మాత్రం చూడలేదు.

స్లబ్ డీబగ్ అనే పాత సౌకర్యం కూడా ముక్కల మధ్య రెడ్‌జోన్ పెడుతుంది, కానీ అది చెడిందో లేదో ముఖ్యంగా ముక్కను విడుదల చేసేటప్పుడు చూస్తుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, తప్పు జరిగిందని తెలుస్తుందే గాని చేసిందెవరో తెలియదు. కాసన్ ప్రతి చదువుకూ, ప్రతి రాతకూ ముందు కంపైలర్ చేత తనిఖీ కోడు చేర్పిస్తుంది కనుక చేయి చాచిన క్షణంలోనే పట్టుకుంటుంది. దానికి మనం చెల్లించే ధర తక్కువేమీ కాదు. జెనరిక్ అనే (ఇంతవరకు చెప్పిన మామూలు) పద్ధతిలో మెమరీలో ఎనిమిదో వంతు షాడోకే పోతుంది. మా 1 జీబీ బోర్డులో 128 ఎంబీ. విడుదలైన ముక్కలను వెంటనే తిరిగి వాడకుండా కొంతకాలం పక్కన పెట్టే క్వారంటైన్ ఒకటి దానికి అదనం. వేగం సుమారు మూడింతలు తగ్గుతుందని డాక్యుమెంటేషన్ చెప్పే మాట మా అనుభవంతో సరిపోయింది. వేగం తగ్గడం వల్ల కాలపరిమితితో ముడిపడిన కొన్ని బగ్గులు కనిపించకుండా పోవచ్చు కూడా. కాబట్టి దీన్ని పరీక్షశాలలో వాడాలి తప్ప వినియోగదారుల చేతికి వెళ్లే పరికరంలో కాదు. ఆర్మ్‌లో మెమరీ ట్యాగింగ్ (మెమరీ ముక్కకూ దాని పాయింటర్‌కూ గుర్తు వేసి పోల్చే ఏర్పాటు) ఉన్న ప్రాసెసర్ల కోసం హార్డ్‌వేర్ ట్యాగ్ పద్ధతి 5.11 వెర్షన్ నుంచి ఉంది. అది చాలా చవక, కానీ 16 బైట్ల గుంపుకు ఒకే ట్యాగు కనుక ఆ గుంపు లోపల ఒకటి రెండు బైట్లు దాటితే పట్టదు.

అప్రమేయంగా కాసన్ మొదటి తప్పును మాత్రమే నివేదించి ఊరుకుంటుంది. ఒక తప్పు తర్వాత వచ్చేవి దాని పర్యవసానాలే కావచ్చు గనుక ఈ నిర్ణయం సబబే, కానీ కొత్తవారు 'ఒక్కటే బగ్ ఉంది' అని పొరబడతారు. అన్నీ కావాలంటే బూట్ పారామీటర్‌గా కాసన్ మల్టీషాట్ ఇవ్వాలి. పైగా నివేదిక రాసిన తర్వాత ఆ తప్పు రాత ఆగదు, జరిగే తీరుతుంది. ఆగాలంటే తప్పు దొరికినప్పుడు కెర్నెల్ ప్యానిక్ అయ్యేలా, అంటే మొత్తంగా ఆగిపోయేలా, పెట్టుకోవాలి.

ఇంతవరకు చెప్పింది చదివి కాసన్ ఒక్కటి చాలనుకునేవారికి మా రెండో అనుభవం చెప్పాలి. వేరొక డ్రైవర్‌లో, ఒక స్ట్రక్చర్ మధ్యలో 8 బైట్ల గెయిన్ పట్టిక (ఏ ఛానల్ సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పేది), దాని వెంటనే క్రమాంకన (క్యాలిబ్రేషన్) విలువ ఉన్నాయి. ఛానల్ సంఖ్య యూజర్ ప్రోగ్రాం నుంచి వచ్చేది. తనిఖీ ఉంది, కానీ 8 కంటే ఎక్కువైతే తిప్పి పంపమని రాశారే గాని 8కి సమానమైతే ఏం చేయాలో రాయలేదు. ఛానల్ 8 అని ఎవరైనా అడిగితే తొమ్మిదో గడి, అంటే క్రమాంకన విలువలోని మొదటి బైటు, మారిపోయేది. కొలతలు స్వల్పంగా తప్పేవి, ఏదీ కూలేది కాదు. కాసన్ కెర్నెల్‌లో వారం నడిపినా ఒక్క మాట రాలేదు. రాదు కూడా, ఎందుకంటే కాసన్‌కు తెలిసిన గట్టు కేటాయింపు చివర ఉన్నది మాత్రమే. ఒకే స్ట్రక్చర్ లోపల ఒక సభ్యం నుంచి ఇంకో సభ్యంలోకి అడుగు పెడితే దాని దృష్టిలో అదంతా ఒకే చేను. ఇలాంటిదే మరో లోపం ఉంది: ఇండెక్స్ చాలా పెద్దదై, రెడ్‌జోన్‌ను ఒక్క గంతులో దాటి ఎక్కడో ఉన్న మరో సజీవమైన ముక్కలో దిగితే జెనరిక్ కాసన్ గుర్తించలేదు. మా ఫిఫో లూప్ ఒక్కో అడుగే వేస్తూ వెళ్లింది కాబట్టి దొరికింది.

ఆ గెయిన్ పట్టిక తప్పును పట్టింది యూబీసాన్. దీన్నీ ర్యాబినినే రాశారు, 2016లో 4.5 వెర్షన్‌తో వచ్చింది. ఇందులో బౌండ్స్ అనే భాగాన్ని ఆన్ చేస్తే, పరిమాణం టైపులోనే రాసి ఉన్న ప్రతి అర్రే దగ్గర కంపైలర్ ఒక తనిఖీ పెడుతుంది. నివేదిక చాలా సూటిగా ఉంటుంది: ఫైలు పేరు, వరుస సంఖ్య, నిలువు సంఖ్య, ఆ కింద ఇండెక్స్ 8 అన్నది 8 గళ్ల యూ8 (ఒక బైటు) అర్రే పరిధిలో లేదు అన్న వాక్యం. షాడో మెమరీ అక్కరలేదు, మందగమనం కాసన్‌తో పోలిస్తే చాలా తక్కువ. ట్రాప్ అనే ఐచ్ఛికం పెడితే నివేదికతో సరిపెట్టకుండా అక్కడే ఆపేస్తుంది. కేవలం హద్దుల తనిఖీనే చూసుకుంటే, చవకగా దొరికే రక్షణలో దీనిదే మొదటి స్థానమని నా అభిప్రాయం.

దీనికీ ఒక గుడ్డి కోణం ఉంది. అదే పట్టికను ఒక సహాయక ఫంక్షన్‌కు పాయింటర్‌గా పంపితే, ఆ ఫంక్షన్ లోపల కంపైలర్‌కు 8 అన్న సంఖ్య తెలియదు. అర్రే పాయింటర్‌గా మారిన క్షణంలోనే దాని పొడవు రాలిపోతుంది. మా డ్రైవర్‌లో సరిగ్గా అలాంటి ఫంక్షన్ ఒకటి ఉండేది; అందులోని తప్పు స్ట్రక్చర్ లోపలే జరుగుతోంది కాబట్టి కాసన్ పట్టలేదు, పాయింటర్ గుండా జరుగుతోంది కాబట్టి యూబీసాన్ పట్టలేదు. ఇద్దరు కావలివాళ్ల మధ్య ఉన్న ఆ సందును చివరికి కోడు చదివే కనుక్కున్నాం. డాన్ కార్పెంటర్ తయారుచేసిన స్మాచ్ అనే స్థిర విశ్లేషణ పరికరం ఇలాంటి చోట్ల కొంత సాయం చేస్తుంది. కోడు నడపకుండానే, సమానమైతే అన్న చిహ్నం మరిచిన తనిఖీలను అది ఎత్తి చూపుతుంది. మెర్జ్‌కు, అంటే కొత్త కోడును అసలు కోడులో కలపడానికి, ముందు ప్రతిసారీ నడపడం మాకు ఇప్పుడు అలవాటైంది.

యూబీసాన్ గురించి ఫిర్యాదు చేసేవారు ఎక్కువగా చెప్పేది దాని గోల గురించి. 2023లో వచ్చిన 6.5 కెర్నెల్ నుంచి స్ట్రక్చర్ చివర ఉన్న 1 గడి అర్రేను కంపైలర్ నిజంగా 1 గడిగానే చూడడం మొదలైంది. అంతకు ముందు, చివర ఉన్నదైతే పొడవు ఎంతైనా కావచ్చన్న పాత సడలింపు ఉండేది. గ్రాఫిక్స్ డ్రైవర్లలో, బయోస్ పట్టికలను చదివే కోడులో, పాత పద్ధతిలో రాసిన 1 గడి అర్రేలు ఎన్నో ఉండడంతో 6.5 కెర్నెల్‌తో వచ్చిన ఉబుంటు వాడినవారి లాగ్‌లలో ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ పేరుతో హద్దు హెచ్చరికలు వరదలా కనిపించాయి. వాటిలో చాలావరకు అసలు మెమరీ హద్దు దాటినవి కావు, అర్రేను అబద్ధపు పొడవుతో ప్రకటించినందువల్ల వచ్చినవి. దీన్ని పరికరం లోపంగా నేను చూడను. 1 అని రాసి 40 గళ్లు వాడుకునే ప్రకటన చదివే మనిషికీ తప్పుడు సమాచారమే. దాన్ని ఖాళీ బ్రాకెట్ల ఫ్లెక్సిబుల్ (పొడవు ముందే చెప్పని) అర్రేగా మార్చడం ఎలాగూ చేయవలసిన పని. కెర్నెల్ తన నిషిద్ధ పద్ధతుల జాబితాలో సున్నా గళ్ల, 1 గడి అర్రేలను చేర్చింది కూడా ఇందుకే.

ఖాళీ బ్రాకెట్లు పెట్టినంత మాత్రాన పొడవు తెలియదు కదా అన్న ప్రశ్నకు జవాబే కౌంటెడ్‌బై. స్ట్రక్చర్‌లో లెక్కను దాచే సభ్యం పేరును అర్రే ప్రకటన పక్కనే రాస్తే, అర్రే పొడవు ఆ సభ్యంలో ఉన్న సంఖ్య అని కంపైలర్ గ్రహిస్తుంది. అప్పుడు యూబీసాన్ నడుస్తున్న వేళలోనే ఆ సంఖ్యతో పోల్చి చూస్తుంది. మెమ్‌కాపీ లాంటి వాటిని కాచే ఫార్టిఫై కూడా ఆ సంఖ్యనే వాడుకుంటుంది. కంపైలర్లయిన క్లాంగ్‌లో ముందుగా, జీసీసీలో 15వ వెర్షన్ నుంచి దీనికి తోడ్పాటు ఉంది. కెర్నెల్‌లో 6.6 వెర్షన్ నుంచి స్ట్రక్చర్లకు ఈ గుర్తులు చేర్చే పని నడుస్తోంది.

దీన్ని చేర్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. లెక్కను ముందు రాయాలి, తర్వాతే అర్రేలో చేయి పెట్టాలి. ముందు గడి నింపి ఆ తర్వాత లెక్క పెంచే అలవాటు మన కోడులో విస్తారంగా ఉంది. అలాంటి చోట గుర్తు చేర్చితే, లెక్క ఇంకా సున్నాగా ఉన్నప్పుడే మొదటి గడిని తాకినట్టవుతుంది, సరైన కోడు కూడా తప్పుగా పట్టుబడుతుంది. మేము గుర్తులు చేర్చిన పదకొండు స్ట్రక్చర్లలో నాలుగింట ఈ వరుస మార్చవలసి వచ్చింది. పని విసుగు పుట్టిస్తుంది, కానీ ఈ మూడింటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఇదే, ఎందుకంటే హద్దు దాటే బగ్గుల్లో ఎక్కువ భాగం అర్రే ఒక చోట, దాని లెక్క మరో చోట బతకడం వల్ల పుడతాయి.

ఇందుకు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌ల డ్రైవర్ అయిన యూవీసీలో బయటపడిన తప్పును చూడండి. భద్రతా లోపాల జాబితా అయిన సీవీఈలో 2024-53104గా నమోదైన ఆ తప్పు 2008 నాటి 2.6.26 కెర్నెల్ నుంచీ అందులో ఉంది. క్యామెరా తన వీడియో ఫార్మాట్లను, ఫ్రేములను వర్ణిస్తూ డిస్క్రిప్టర్లు పంపుతుంది. డ్రైవర్ వాటిని రెండుసార్లు నడుస్తుంది: మొదటిసారి ఫార్మాట్లు, ఫ్రేములు, ఫ్రేముల మధ్య విరామాలు ఎన్నో లెక్కపెట్టి అన్నింటికీ సరిపడా ఒకే ముక్క కేటాయిస్తుంది, రెండోసారి ఆ ముక్కలో విలువలు నింపుతుంది. మొదటి నడకలో గుర్తించిన రకాల ఫ్రేములు మాత్రమే లెక్కకు వచ్చేవి. రెండో నడకలో మాత్రం, కొన్ని ఫార్మాట్ల కింద, 'నిర్వచించనిది' అన్న రకం గల ఫ్రేములు కూడా లోపలికి వచ్చేవి. లెక్కపెట్టినవారు ఒకలా, నింపేవారు మరోలా చదివారు. లెక్కలో లేని ఫ్రేముకు చోటు లేదు, అది ముక్క దాటి పడింది. దిద్దుబాటు చూస్తే రెండో నడక లూప్ షరతులో ఆ రకాన్ని అడ్డుకునే ఒక్క మాట చేర్చడమే. ఆండ్రాయిడ్ 2025 ఫిబ్రవరి భద్రతా బులెటిన్‌లో ఇది పరిమితంగా దాడులకు వాడబడుతుండవచ్చన్న సూచనతో వచ్చింది; సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఫోను తెరవడానికి వాడిన తప్పుల గొలుసులో ఇదీ ఒకటని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వెల్లడించింది.

మామూలు క్యామెరా ఏదీ అలాంటి డిస్క్రిప్టర్ పంపదు కనుక పదహారేళ్లు ఆ కోడు కోట్ల యంత్రాల్లో నిశ్శబ్దంగా నడిచింది. కాసన్ ఆన్ చేసి వెబ్‌క్యామ్ గుచ్చి చూసినా ఏమీ తెలిసేది కాదు, ఎందుకంటే కాసన్ పట్టేది నడిచిన దారిలోని తప్పునే. నడవని దారిని నడిపించే పని మనది. అందుకోసం యూఎస్‌బీ డ్రైవర్లకు సిజ్‌కాలర్ లాంటి ఫజ్జర్ (వింత ఇన్‌పుట్‌లు గుప్పించి పరీక్షించే ప్రోగ్రాం) నకిలీ డిస్క్రిప్టర్లు సృష్టించి పంపుతుంది. మా సెన్సర్‌కు అంత పెద్ద ఏర్పాటు అక్కరలేకపోయింది. ఎస్‌పీఐ బదిలీ స్థానంలో అన్నీ 255 ఇచ్చే, అన్నీ సున్నాలు ఇచ్చే, యాదృచ్ఛిక బైట్లు ఇచ్చే మూడు నకిలీ ఫంక్షన్లు పెట్టి కెర్నెల్ పరీక్షల చట్రమైన కేయూనిట్‌లో పరీక్షలు రాశాం. ఈ పరీక్షలు కాసన్ కెర్నెల్ మీద నడిస్తే, మూడు వారాలు దొరకని మా పాత తప్పు మొదటి సెకనులోనే దొరికింది. ఇంకొక సంగతి, యూవీసీ డ్రైవర్ ఒకే ముక్కను ఫార్మాట్లకు, ఫ్రేములకు, విరామాలకు మూడు భాగాలుగా పంచుతుంది. ఆ భాగాల మధ్య గట్లు కంపైలర్‌కూ తెలియవు, కాసన్‌కూ తెలియవు. మెమరీ ఆదా కోసం మనం ఇలా రాసినప్పుడల్లా ఈ పరికరాల కళ్లకు గంతలు కడుతున్నామని గుర్తుంచుకోవాలి.

ఇది లైనక్స్‌కే పరిమితమైన జబ్బు కాదు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక కంటెంట్ ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కారణ విశ్లేషణలో ఆ సంస్థే ప్రకటించిన విషయం ఏమిటంటే, టెంప్లేట్ నిర్వచనంలో 21 ఇన్‌పుట్‌లు ఉండగా వాటిని అందించే కోడు 20 మాత్రమే ఇచ్చింది. కెర్నెల్‌లో నడిచే ఇంటర్‌ప్రెటర్ 21వ దాన్ని చదవబోయి అర్రే బయట అడుగు పెట్టింది. అంతకు ముందరి ఫైళ్లలో 21వ స్థానంలో ఏదైనా సరే అన్న గుర్తు ఉండేది కనుక దాన్ని నిజంగా చదివే అవసరం రాలేదు. మళ్లీ అదే కథ: లెక్క రెండు చోట్ల, రెండు రకాలుగా. ఆ తర్వాత వారు చేర్చిన దిద్దుబాట్లలో ఇంటర్‌ప్రెటర్‌లో నడుస్తున్నప్పుడు జరిగే హద్దు తనిఖీ ఒకటి, ఇన్‌పుట్‌ల సంఖ్యను కంపైల్ సమయంలోనే సరిచూడడం మరొకటి. విండోస్‌లో డ్రైవర్లు రాసేవారికి కాసన్‌కు సాటిగా డ్రైవర్ వెరిఫయర్‌లో స్పెషల్ పూల్ ఉంది. అది ఒక్కో కేటాయింపును పేజీ చివరికి జరిపి, పక్క పేజీని ముట్టుకోకుండా చేస్తుంది. నేను దాన్ని రోజువారీగా వాడలేదు కాబట్టి దాని మంచిచెడ్డలు ఇక్కడ తూచను.

ఈ పరికరాల చేతికి చిక్కనివి మరికొన్ని ఉన్నాయి. డీఎంఏ ద్వారా పరికరమే నేరుగా మెమరీలో రాస్తే కంపైలర్ పెట్టిన తనిఖీ ఏదీ దానికి అడ్డురాదు. అక్కడ పరికరాలు ఏ మెమరీని ముట్టుకోవచ్చో కట్టడి చేసే ఐఓఎంఎంయూ ఒక్కటే కంచె. అసెంబ్లీలో రాసిన ముక్కలదీ అదే స్థితి. యూజర్ నుంచి వచ్చిన ఇండెక్సుకు తనిఖీ సరిగ్గానే పెట్టినా, ప్రాసెసర్ ఆ తనిఖీ ఫలితం తేలకముందే ఊహతో ముందుకు నడిచి బయటి గడిని చదవవచ్చని 2018లో స్పెక్టర్ అనే దాడి చూపింది. దానికోసం అర్రే ఇండెక్స్ నోస్పెక్ అనే మాక్రో ఉంది, తనిఖీ తర్వాత ఇండెక్సును దాని గుండా పంపడం మరిచిపోకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా యూబీసాన్ బౌండ్స్‌తో మొదలుపెట్టమని. ధర తక్కువ, నివేదిక చదవడం తేలిక, చిన్న బోర్డు మీద కూడా నడుస్తుంది. ఆ తర్వాత పరీక్షశాల కోసం వేరే కాన్ఫిగ్ ఒకటి పెట్టుకుని అందులో కాసన్ ఆన్ చేయండి. ర్యామ్ 256 ఎంబీ కంటే తక్కువైతే క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో నడపడం మేలు. వినియోగదారుల దగ్గర నడిచే కెర్నెల్‌లో కాసన్ పెట్టలేం కాబట్టి 5.12 నుంచి ఉన్న కేఫెన్స్ ఆన్ చేయండి. అది అన్ని కేటాయింపులనూ కాకుండా, అప్పుడప్పుడు ఒకదాన్ని ఎంచుకుని కాపలా పేజీల మధ్య పెడుతుంది. అప్రమేయ అమరికలో 255 వస్తువులకు పట్టే మెమరీ 2 ఎంబీ మాత్రమే. ఒక్క పరికరంలో దొరకడం అరుదు, వందల పరికరాలు నెలల తరబడి నడిస్తే ఏదో ఒకచోట దొరుకుతుంది. కౌంటెడ్‌బై గుర్తులను కొత్త కోడులో మొదటి రోజు నుంచే రాయండి, పాత కోడులో చేతికి వచ్చిన ఫైలు నుంచి మొదలుపెట్టండి. రస్ట్‌లో డ్రైవర్ రాసే అవకాశం ఉన్నవారికి అర్రే హద్దు తనిఖీ భాషలోనే ఉంటుంది, కానీ మాలాగా ఏళ్ల తరబడి సీ కోడు పోగుపడిన చోట అది ఇప్పట్లో జవాబు కాదు.

మా ఫిఫో డ్రైవర్‌లో చివరికి చేరింది నాలుగు వరుసలు. చిప్ చెప్పిన లెక్క బఫర్ సామర్థ్యం కంటే ఎక్కువైతే ఆ విడతను మొత్తంగా వదిలేసి, వచ్చిన సంఖ్యను, సమయాన్ని లాగ్‌లో రాస్తుంది. లెక్కను 32కి కుదించి ముందుకు సాగుదామని ఒకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు. 63 అని చెప్పిన చిప్ ఇచ్చే 32 నమూనాలు కూడా చెత్తే అవుతాయి. ఆ మార్పు బయటికి వెళ్లిన మొదటి నెలలో లాగ్‌లు తెప్పించి చూస్తే, ఒక్కో పరికరంలో రోజుకు రెండు మూడు చోట్ల 63 అన్న సంఖ్య నమోదై ఉంది. ఆ సమయాలను మోటారు స్టార్ట్ అయిన సమయాల పక్కన పెట్టి చూపించాక, హార్డ్‌వేర్ బృందం సెన్సర్ సరఫరా లైను మీద ఆసిలోస్కోప్ పెట్టి వోల్టేజీ పడిపోవడాన్ని కళ్లారా చూసి, తర్వాతి బ్యాచ్ బోర్డుల్లో ఆ లైనుకు పెద్ద కెపాసిటర్ వేసింది. ఆ బ్యాచ్ లాగ్‌లలో 63 ఇంతవరకు కనిపించలేదు. నాలుగు వరుసల తనిఖీని మాత్రం తీయలేదు.